గడి దాటిన గీత

మార్చి పద్నాలుగు, గురువారం. మామగారికి ఆ తేదీ గుర్తుండిపోవడానికి కారణం గుడ్లు. కోడలు లాప్‌టాప్‌లో తల దూర్చి పొయ్యి సంగతి మరిచిపోతే, నీళ్లన్నీ ఇగిరి అవి టపటపా పేలాయి. పెంకులు ఏరుకుంటూ ఇద్దరూ వాటినే బ్రెడ్డుతో తిన్నారు.

కోడలు నర్సు. వార్డులో చప్పుడుకీ రోగుల నిద్రకీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేస్తోంది. ఏది పెరిగితే ఏది పెరుగుతుందో, ఏది తగ్గుతుందో చూపే కోరిలేషన్ పట్టిక గైడు దగ్గర నుంచి రెండుసార్లు తిరిగొచ్చింది. ఆ సాయంత్రం ఆరులోగా పంపకపోతే ఇక ఆర్నెల్లు ఆగాల్సిందే.

"మా గైడు మేడమ్ ఏం రాశారో చూడండి మామయ్యా! 'చప్పుడు పెరిగితే నిద్ర పెరుగుతుందా? అయితే వార్డుకో బ్యాండు పెట్టించండి' అట."

"లెక్క తప్పిందేమో?"

"మూడు రోజులుగా అదే చూస్తున్నా. ప్రోగ్రాము ఎన్నిసార్లు నడిపినా మైనస్సే వస్తోంది, అంటే చప్పుడు పెరిగితే నిద్ర తగ్గుతుందనే. నా బుర్రే చెడిపోయినట్టుంది."

మామగారు ముప్పయ్యేళ్లు టైపిస్టుగా చేశారు. అంకెలు బారు తీరి నిలబడకపోతే ఆయనకు అన్నం సయించదు. అచ్చు తీసిన కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి స్కేలు పెట్టి చూశారు.

"అమ్మాయ్, ఈ గడిలో అంకె పైన ఒంటరిగా ఈ గీతేమిటి?"

"ప్రింటరు మరకనుకున్నా."

"మరక కాదు, నీ మైనస్! గడి ఇరుకై గీత పైనే ఉండిపోయింది, అంకె కిందికి దిగింది. ఈ నక్షత్రం గుర్తులొకటి, బస్సు మెట్ల మీద వేళ్లాడేవాళ్లలా అంకెల్ని నెట్టేస్తున్నాయి."

కోడలు కాగితం లాక్కుని చూసింది. నెత్తి కొట్టుకుంది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

ఆయన చెబుతుంటే ఆమె ప్రోగ్రాము మార్చింది. పట్టికలో కిందిసగం అంకెల్నే మళ్లీ చెప్పే పైసగం ఖాళీ అయింది. దశాంశ బిందువులు ఒకే గీతలోకి వచ్చాయి. ఏ అంకె కాకతాళీయం కాదో చెప్పే నక్షత్రాలకు వేరే సన్న వరుస దొరికింది. మైనస్ తన అంకెను అంటిపెట్టుకుంది. ఐదూ నలభైకి పట్టిక వెళ్లింది, ఏడింటికి జవాబొచ్చింది: "ఇప్పుడు నమ్ముతాను. బ్యాండు వద్దు."

మూడు రోజుల అలసట ఒక్కసారిగా మీద పడ్డట్టు, తొమ్మిది కాకముందే కోడలు హాల్లో సోఫా మీదే నిద్రపోయింది. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంటోంది. భార్య మంచాన పడ్డ రోజుల్లో నేర్చుకున్న విద్య మామగారికింకా చేతిలోనే ఉంది. గడియ టక్కుమనకుండా వేలు అడ్డం పెట్టి, వంటింటి తలుపు మెల్లగా మూశారు.