గడ్డికుప్ప నడిచొచ్చిన ఇటుకల పండగ

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ తడబాటే. ఒక్క పేజీకి ఒక పూట పడుతుంది. మా ఆయన పోయాక, మనవలు పుట్టాక అక్షరాలు దిద్దినదాన్ని. నిదానంగా రాశాను, మీరూ నిదానంగానే చదవండి.

అరకు పైన మా కొండ ఊళ్లో చైత్రమాసంలో ఇటుకల పండగ చేస్తాం. ఆ రోజు మగవాళ్లు వేటకు పోతారు. వట్టి చేతులతో తిరిగొచ్చినవాడికి ఊరి మొదట్లోనే ఆడవాళ్లం పేడనీళ్లు పోస్తాం. ఇప్పుడు అడవిలో వేట ఎక్కడుంది? ఫారెస్టువాళ్లు ఊరుకోరు కూడా. అందుకని గెడ్డలో, అంటే కొండవాగులో, పీతను పట్టుకొచ్చినా చాలని ఒప్పుకున్నాం. మా మరిది సోంబరుకు ఆ పీత కూడా దొరకదు. ఏటేటా తడిసేవాడు, తడిసి నవ్వేవాడు.

పోయిన ఏడు మాత్రం పండగ ముందు అతనికి నవ్వు రాలేదు. అతని కూతురికి కొత్తగా పెళ్లయింది. సీలేరు అల్లుడు ఫల్గుణ మొదటిసారి పండక్కి వచ్చాడు.

"అల్లుడి ముందర పేడనీళ్లు పోయించుకోలేను వొదినా. ఈ ఒక్కేడు ఒగ్గేయండి," అన్నాడు సోంబరు.

"మొదటి చెంబు పోసేది నేను. నిన్నొగ్గేత్తే రేపు అందరూ ఒగ్గేయమంతారు. పోయి పీతని పట్టు."

"పీత కరుత్తాది."

సోంబరు రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి నాతోపాటు టీవీలో కార్టూను చూసేవాడు. ఎప్పటిదో పాతది, తెలుగు మాటలు పెట్టారు. అందులో ఒక మీసాల వేటగాడు, ఒక గడ్డం మేక. మేక ఎప్పుడూ దొరకదు. వేటగాడి మీద బండ పడుతుంది, వాడు రొట్టెలా అణిగిపోయి మళ్లీ లేస్తాడు. పండగ ముందురోజు ఎపిసోడ్‌లో వేటగాడు ఒంటినిండా గడ్డి కట్టుకుని పొలంలో కుప్పలా కూర్చున్నాడు. మేక దగ్గరకొచ్చింది. వేటగాడు మీసం కింద నవ్వాడు. అప్పుడే కరెంటు పోయింది.

"దొరికేసింది," అన్నాడు సోంబరు.

"ఏటి దొరికింది? ఇంకా సగముంది."

"సగం సూత్తే సాలు. ఆడు నవ్వినాడు కదా."

మర్నాడు మగవాళ్లంతా కొండెక్కారు. సోంబరు మాత్రం అల్లుడు తెచ్చిన తెల్లచొక్కా తొడుక్కుని పొలానికి పోయాడు. గింజల కోసం గడ్డికుప్ప దగ్గరకు పూరేడుపిట్టలు వస్తాయనీ, ఒకదాన్ని పట్టేస్తాననీ అతని ఆలోచన. భార్య రత్నాలు చేత ఒళ్లంతా వరిగడ్డి చుట్టించుకుని, అడ్డతీగ నారతో బిగించి కట్టించుకున్నాడు.

"సేతులు కూడా లోపలే కట్టీమన్నాడక్కా," అని రత్నాలు వచ్చి నాకు చెప్పింది. "మరి పిట్టని ఏటితో పడతావంటే, ముందు కట్టు అన్నాడు."

మధ్యాహ్నానికి మగవాళ్లు దిగారు. ఒకరి చేతిలో పీత, ఒకరి చేతిలో చేప. ఫల్గుణ కూడా తాడుకు గుచ్చిన చేపలు తెచ్చాడు. సోంబరు లేడు. రత్నాలు దారికేసి చూస్తూ నిలబడింది.

అప్పుడు పొలం గట్టు మీద ఒక గడ్డికుప్ప వేగంగా నడిచొచ్చింది. దాని వెనక మా ఊరి భీమన్న ఆవు. ఎండల్లో మేతలేక ఉన్నదేమో, నడుస్తూనే పీకి తింటోంది. "ఎల్లవే తల్లీ, ఎల్లవే," అంటోంది కుప్ప.

"అత్తా, అదేటి?" అన్నాడు ఫల్గుణ.

"మీ మావ," అంది రత్నాలు.

నేను చెంబు ముంచాను. కుప్ప ఆగింది.

"వొదినా, నేను వట్టినే రాలేదు. ఆవుని తెచ్చినాను."

"ఆవుని నువ్వు తెచ్చావా, నిన్ను ఆవు తోలుకొచ్చిందా?"

"ఆవు నాది. దాన్ని వేటలో కలపకండి," అన్నాడు భీమన్న.

"అయితే సేతులు సూపించు," అన్నాను.

"సేతులు లోపలున్నాయి. వట్టివని నువ్వెలాగ సెప్తావు?"

మాట నిజమే. విప్పుదామంటే అతను ఒప్పుకోడు. పనంతా ఆవుకే వదిలేసి అందరం గట్టు మీద కూర్చున్నాం. అది తీరిగ్గా తింది. మొదట తెల్లచొక్కా కనబడింది, తర్వాత ఒక చెయ్యి. పిడికిలి మూసి ఉంది.

"ఉంది. పేణమున్నదే పట్టినాను," అన్నాడు సోంబరు గర్వంగా. "సూడల్లుడా." పిడికిలి తెరిచాడు. గడ్డిలోంచి పట్టిన మిడత. అది అల్లుడి మొహం చూసి, ఎగిరి ఆవు వీపు మీద వాలి, అక్కణ్ణుంచి ఎటో పోయింది.

సోంబరు తల దించుకున్నాడు. ఆ చెంబు ఎత్తడానికి నాకు చెయ్యి రాలేదు.

ఫల్గుణ లేచి, చేపల తాడు అత్త చేతిలో పెట్టి, వెళ్లి మావ పక్కన నిలబడ్డాడు.

"నా సేతులూ వట్టివే. బేగి పొయ్యండి, సలవగా ఉంటాది."

ఇద్దరికీ కడవలకొద్దీ పోశాం. సోంబరు ఆ ఏడు కూడా నవ్వాడు. ఎన్నడూ లేనంతగా నవ్వాడు.

మర్నాడు పొద్దున టీవీలో అదే ఎపిసోడ్ మళ్లీ వేశారు. అందరం చూశాం. గడ్డం మేక వేటగాడి ఒంటి మీది గడ్డి అంతా తిని, మీసం కూడా తిని, నిక్కరుతో నిలబెట్టింది. సోంబరు పొట్ట పట్టుకుని దొర్లాడు.

"ఈడికి బుర్ర లేదు వొదినా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఒక మిడతనైనా పట్టలేదు."

కిల్లో దేముడమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు పాడేరులో కూతురు రమణి ఇంట్లో ఉంటున్నాను.