ఇంకా కాని బేరాలు

“ఉన్నావా?” అంటాడు భర్త ఆఫీసు నుంచి ఫోన్ చేసి. పాపకు పాలసీసా పట్టిస్తూ, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని “ఉన్నానండీ” అంటుంది ఆమె. తిన్నావా, కాస్త నడుం వాల్చావా అని అడిగే ఉన్నావా కాదది. పడగ్గది మూల కంప్యూటర్ ముందు ఉన్నావా అని. క్రిప్టో మార్కెట్లో అతను ముందే పెట్టి ఉంచిన ఆర్డర్లు, ఈ ధరకొస్తే కొను, ఆ ధరకొస్తే అమ్ము అనేవి, రోజంతా తెరిచే ఉంటాయి. ధర కదిలినప్పుడల్లా వాటిని సర్దేది ఆ కంప్యూటర్. నెట్ పోతే సర్దే దిక్కుండదు. పాత ధరకు పెట్టిన ఆర్డరు ఎవడి చేతికో చిక్కుతుంది. అందుకని నెట్ పెట్టె మీది పచ్చదీపం ఆరిన మరుక్షణం ఆమె ఫోన్ చెయ్యాలి, అతను అక్కణ్నుంచి అన్నీ రద్దు చేసుకుంటాడు. “మా ఇంటి సేఫ్టీ మా ఆవిడే” అని స్నేహితుల దగ్గర గొప్పగా చెప్పుకుంటాడు కూడా. జీతం లేని కాపలాకు బిరుదొకటి.

చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకు వీధి చివరి బడిలో పగటిపూట తరగతులు పెట్టారు. చంటిపిల్లల్నీ తెచ్చుకోవచ్చన్నారు. ఆమె ప్రాణమంతా అటే లాగుతోంది. అడిగితే, చదువుకో, నేనేమైనా వద్దన్నానా అన్నాడు భర్త. ఆ ఊపులోనే, మరి ఈ కంప్యూటర్ దగ్గరెవరుంటారు అన్నాడు. వద్దనకుండానే వద్దనడం ఒక విద్య. అందులో అతనికి పట్టా ఉంది.

మొన్నామధ్య పాప ఒళ్లు కాలిపోతుంటే భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. సరిగ్గా అప్పుడే నెట్ పోయింది. సాయంత్రం అతను కేకలెయ్యలేదు. “కూర్చునే పని. నిలబడే పని కూడా కాదు” అన్నాడంతే. పిల్లలకు జ్వరాలు రావా, మేం పెంచలేదా అంది అత్తగారు ఫోన్లో. పాప జ్వరం తగ్గిందా అని మర్నాటి దాకా ఒక్కరూ అడగలేదు. అప్పట్నుంచీ స్నానానికి వెళ్లినా తలుపు ఓరగా తెరిచి, పచ్చదీపం కనబడేట్టు నిలబడి చెంబుడు నీళ్లు పోసుకుని వచ్చేస్తోంది.

ఆదివారం ఆడపడుచు వచ్చింది. అలాంటి ఆర్డర్లు నడిపే ఎక్స్ఛేంజీలోనే ఆ పిల్ల ఉద్యోగం. కాపలా సంగతి వినగానే అడిగింది.

“నిన్ను కాపలా పెట్టాడా వదినా? దానికి అక్కడే ఏర్పాటుంది. మా అన్నయ్య చదవకుండా దాటేసి ఉంటాడు.”

పాప తలకు నూనె రాస్తూ రాస్తూ, కథ చెప్పినట్టే చెప్పింది. కంప్యూటర్ క్షణక్షణం ఎక్స్ఛేంజీకి ‘ఉన్నాను’ అని కబురు పంపుతూ ఉంటుందట. కబురు అందినప్పుడల్లా అక్కడి గడియారంలో గడువు మళ్లీ మొదటికొస్తుంది. కబురు ఆగి గడువు దాటిందో, తెరిచి ఉన్న ఆర్డర్లన్నిటినీ ఎక్స్ఛేంజీయే రద్దు చేసేస్తుంది. ఎవరి ఫోను కోసమూ ఆగదు.

“మరి అప్పటికే కొనేసినవో?”

“అయిపోయిన బేరం అయిపోయినట్టే వదినా. దాన్నెవరూ వెనక్కి తేలేరు. ఇంకా కానివే రద్దవుతాయి.”

ఆమెకు ఒళ్లు పులకరించింది. నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి, వెచ్చటి ఊపిరి తగిలితేగాని పక్కకు జరగని మనిషి తను. ఆ యంత్రం చేసేదీ అదే. దీన్ని కనిపెట్టిన వాళ్లలో తప్పకుండా ఒక తల్లి ఉండి ఉంటుందనిపించింది. మాట వినబడకపోతే ఎక్కడ తిరుగుతున్నావని అది నిలదీయదు. కూర్చునే పనేగా అని ఎత్తిపొడవదు. పాపం, ఏమైందో ఏమో అనుకుని, నెత్తిన ఉన్న బరువు ముందు దించేస్తుంది. ఇంతమంది అయినవాళ్లలో ఎవరికీ తోచని మర్యాద, కంటికి కనబడని ఆ గడియారానికి ఎవరు నేర్పారో.

అన్నాచెల్లెళ్లు కాసేపు కీచులాడుకున్నాక ఏర్పాటు అమర్చడం అయింది. ఆడపడుచు తన ఫోన్లో అన్నయ్య ఆర్డర్లు తెరిచి పట్టుకుని, “వైరు పీకు వదినా” అంది.

కంటికి రెప్పలా కాచిన వైరది. పాకే పాప చెయ్యి పడకుండా చుట్టూ తలగడలు పేర్చిన వైరు. పీకేసింది. పచ్చదీపం ఆరింది. ఏమీ కాలేదు. ఇంకాస్సేపు ఏమీ కాలేదు. తర్వాత ఫోన్లో ఆర్డర్లన్నీ పలక మీద చెరిపేసిన అక్షరాల్లా ఒక్కసారిగా మాయమయ్యాయి. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎందుకో కళ్లూ తడిశాయి. ఆడపడుచు మాత్రం ఇది రోజూ చూసేదే అన్నట్టు పాప బుగ్గ గిల్లుతూ కూర్చుంది.

ముందు గదిలోంచి భర్త ఫోను పెట్టేసి వచ్చాడు. అతని ముఖం కూడా వెలిగిపోతోంది.

“భలే ఉందే. ఇంక నువ్వు ఖాళీయేగా. రేపట్నుంచి పగలు మా అమ్మ దగ్గరికెళ్లి వంటా అదీ చూస్తావని ఇప్పుడే చెప్పేశాను.”

ఆమె అతని వంక చూసింది. ఆగిపోయిన చదువూ, గడిచిపోయిన పగళ్లూ అయిపోయిన బేరాలు. వాటిని తనూ వెనక్కి తేలేదు. పాపను చంకకెత్తుకుంది.

“రేపటిది ఇంకా కాలేదు కదండీ, రద్దయిందని చెప్పండి. రేపట్నుంచి నేను బడికి వెళ్తున్నాను.”