ప్లాస్టిక్ సవతి

నా సవతికి కాళ్లూ చేతులూ లేవు. మంచం మీద గుడారంలా నిలబడే ప్లాస్టిక్ తెర, దాని పక్కన గురగురలాడే ఒక మిషను, మిషను మీద అంకెలున్న ఒక మీట. అంతే. కానీ దాన్ని చూస్తే రగిలే కడుపుమంట నాకు ఏ మనిషిని చూసినా రగల్లేదు.

మా ఆయన మారథాన్ పరుగెత్తుతాడు. సరదాకి కాదు, జాతీయ జట్టు కోసం. కొండల మీద గాలి పలచగా ఉంటుందట, అక్కడ కొన్నాళ్లు పడుకుని లేస్తే ఒంట్లో దమ్ము పెరుగుతుందట. నెలల తరబడి కొండల మీద ఉండే వీలు మాకు లేదు. అందుకని కొండనే పడకగదిలోకి తెచ్చుకున్నాడు. మీటను రెండువేల ఏడువందల దగ్గర పెడితే గుడారంలో గాలి అన్ని మీటర్ల ఎత్తున ఉన్నట్టు పలచబడుతుంది. మొదటిరోజు నేనూ లోపలే పడుకున్నాను. తెల్లారేసరికి తల బద్దలైపోయింది, పైగా వాంతులు. అప్పట్నుంచి నా పరుపు కింద, గోడవారగా. మంచం మీద వాళ్లిద్దరూ.

పెళ్లైన ఏడేళ్లలో నేను ఓర్చుకోనిదంటూ లేదు. తిండి త్రాసులో తూచుకుని తింటాడు. ఎనిమిదింటికల్లా పడుకుంటాడు. నాకు తుమ్మొస్తే ముక్కు పట్టుకుని వరండాలోకి పరుగెత్తాలి, ఆయనకి జలుబు అంటుకుంటే వారం సాధన పోతుంది కాబట్టి. మా తమ్ముడి పెళ్లిలో అందరూ భోజనాలకి కూర్చున్న వేళ, ఈయన హాలు చుట్టూ నలభై రౌండ్లు కొట్టాడు.

"మీ ఆయన్ని ఎవరైనా తరుముతున్నారా ఏంటే?" అని అడిగింది మా పిన్ని.

తరుముతున్నది వయసు. ముప్పై నాలుగు నిండాయి. ఎంపిక పరుగులో మొదటి ముగ్గురికే జట్టులో చోటు. దానికి ముందు ఇరవై ఒక్క రాత్రులు, ఒక్కటీ తప్పకుండా, గుడారంలో పడుకోవాలని కోచ్ గారు గట్టిగా చెప్పారు.

తొమ్మిది రాత్రులు గడిచాక పత్రిక నుంచి ఒకాయన వచ్చాడు. నేను కళ్లద్దాల షాపులో పనికి సెలవు పెట్టి, ఉన్నంతలో మంచి చీర కట్టుకుని కూర్చున్నాను. "ఇంత కష్టంలో మీకు తోడు ఎవరండీ?" అని పత్రికాయన మావారిని అడిగాడు. మావారు లేచి, అతన్ని పడకగదిలోకి తీసుకెళ్లి, పావుగంట గుడారం గురించి చెప్పాడు. ఇంట్లో కుర్చీ కూడా తుడవని మనిషి, మిషను మీద దుమ్మును తన తువ్వాలుతో తుడిచి మరీ చూపించాడు. ఫొటో తీసేటప్పుడు పత్రికాయన నావైపు తిరిగి, "అమ్మా, కొంచెం పక్కకి జరుగుతారా, మీ నీడ పడుతోంది" అన్నాడు.

జరిగాను. ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం దిండు గలీబు మార్చే వంకతో వెళ్లి, మీటను సున్నాకి తిప్పేశాను. మిషను గురగుర మానలేదు. ఎనిమిదింటికి జిప్పు తీసి నేనూ లోపలికి దూరాను.

"తలనొప్పి వస్తుందేమో?" అన్నాడాయన.

"అలవాటు చేసుకుంటానండీ" అన్నాను, నంగనాచిలా.

ఆయన గోడవైపు జరిగాడు. తలనొప్పి ఎందుకొస్తుంది, మామూలు గాలే కదా. ఆయన చెయ్యి నా మీద వేసి నిద్రపోయాడు. గెలిచాననుకున్నాను. అలా పన్నెండు రాత్రులు గెలిచాను. పొద్దున్నే ఆయన మామూలుగా వేలికి క్లిప్పు పెట్టుకుని, అందులో వచ్చిన అంకె పుస్తకంలో రాసుకునేవాడు. అది గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్పేదని నా అజ్ఞానం.

పరుగు రోజు ఆయన నాలుగోవాడుగా వచ్చాడు. మూడోవాడికి తొమ్మిది సెకన్లు వెనక.

గీత దాటి మోకాళ్ల మీద కూలబడ్డాడు. నేను నీళ్ల సీసా పట్టుకుని పక్కన కూర్చున్నాను. మూత తియ్యబోతే నీళ్లన్నీ నా చీర మీదే ఒలికిపోయాయి. కోచ్ గారు వచ్చి నిలబడ్డారు.

"చివర్లో దమ్ము చాల్లేదురా నీకు. గుడారంలో సరిగ్గా పడుకున్నావా?"

"పడుకున్నాను సార్. ఇరవై ఒక్క రాత్రులు. ఒక్కటీ మానలేదు."

మావారు నావైపు చూడలేదు. చూడకపోవడమే నాకు గుచ్చుకుంది.

ఇంటికొచ్చి ఆయన స్నానానికి వెళ్లగానే పుస్తకం తెరిచాను. ప్రతి పేజీలో పైన 'రక్తంలో ఆక్సిజన్' అని ఉంది. మొదటి తొమ్మిది రోజులూ ఎనభై ఎనిమిది, ఎనభై ఏడు, ఎనభై తొమ్మిది. పదో రోజు నుంచి తొంభై ఏడు, తొంభై ఎనిమిది, పన్నెండు రోజులూ అంతే, మామూలు గాలిలో ఉండేంత. పదో రోజు అంకె పక్కన చిన్న అక్షరాల్లో, "తను లోపల పడుకుంది."

తల తుడుచుకుంటూ వచ్చి, నా చేతిలో పుస్తకం చూసి ఆగిపోయాడు.

"మీకు తెలుసా?"

"మొదటి పొద్దున్నే తెలిసింది."

"మరి మీట తిప్పలేదేం? నాలుగు చీవాట్లు పెట్టొచ్చుగా!"

"రోజూ తిప్పుదామనే అనుకున్నా. తిప్పితే మళ్లీ కిందకి వెళ్లిపోతావుగా." తువ్వాలు కుర్చీ మీద వేశాడు. "నిద్ర బాగా పట్టింది. పోనీలే."

ఆయన నన్ను కావాలనుకున్నాడు, దానికి తొమ్మిది సెకన్లు కట్టాడు. ఆ సెకన్లు నేను ఎక్కడి నుంచి తెచ్చివ్వను?

మర్నాడు కోచ్ గారు ఫోన్ చేశారు. ఎంపిక పరుగుతో నింపని నాలుగో చోటు ఒకటి జట్టులో ఇంకా ఖాళీగానే ఉంది, పది వారాల్లో ఇంకో పరుగు ఉంది, అందులో గట్టి టైం వస్తే ఆశ ఉందన్నారు.

ఆ సాయంత్రం పక్క దులిపి, మిషను మీద దుమ్ము నా కొంగుతోనే తుడిచాను. మీటను రెండువేల ఏడువందల దగ్గర పెట్టాను. ఆయన లోపలికి వెళ్లాక జిప్పు వేసింది కూడా నేనే. గోడవారగా నా పరుపు పరుచుకున్నాను.

కుళ్లు పోయిందా అంటే, పోలేదు. ఆ గురగుర వింటుంటే పళ్లు నూరాలనే ఉంది. ప్లాస్టిక్ లోపలి నుంచి ఆయన చెయ్యి తెరకి ఆనించాడు. నేనూ ఇవతల నుంచి ఆనించాను. చల్లగా తగిలింది.

పొద్దున్న క్లిప్పులో ఎనభై ఎనిమిది వచ్చింది. పుస్తకంలో నేనే రాశాను.