ఎడమచేతి గీతలు

పక్షవాతం వచ్చిన మూడో నెలలో శశికాంత్‌ని త్రివేణి దగ్గరికి పంపారు. ఆయన అమెరికాలోని చాండ్లర్‌లో చిప్ డిజైన్ ఇంజనీరు. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థమయ్యేది. తను చెప్పాలనుకున్నది మాత్రం "ఆ... ఆ" దగ్గరే ఆగిపోయేది.

త్రివేణి అక్కడి పునరావాస కేంద్రంలో, బొమ్మలు వేయించి రోగులకు సాయపడే ఆర్ట్ థెరపిస్టు. సాయంత్రాలు యూనివర్సిటీలో ఆ విద్యే బోధిస్తుంది. ఆమె విద్యార్థిని కృతి అక్కడే ఇంటర్న్‌షిప్ చేస్తోంది. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల.

మొదట్లో శశికాంత్ కాగితం ముట్టుకోలేదు. ఎడమచేత్తో పాస్టెల్ రంగుబలపం పట్టుకోవడం ఆయనకు నామోషీగా ఉండేది. త్రివేణి బలవంతపెట్టలేదు. పక్కన కూర్చుని తనూ ఎడమచేత్తోనే గీసుకునేది. ఆ వంకరటింకర గీతలు చూసి ఒకనాడు ఆయనకు నవ్వొచ్చింది. ఆ రోజే నీలం పాస్టెల్ అందుకున్నాడు.

తర్వాత వారాల తరబడి ఒకే బొమ్మ వేశాడు. కాగితం నిండా నీలం, దాని మీద నలుపు. ఒక మూల మాత్రం తెల్లగా వదిలేశాడు.

"ప్రొఫెసర్, ఆ బ్లాక్ అంతా డిప్రెషన్ కదా?" కారిడార్‌లో అడిగింది కృతి.

"నాకు తెలీదు, నీకూ తెలీదు. ఆయన చెప్పేదాకా అది నలుపే," అంది త్రివేణి.

బొమ్మ పూర్తయిన రోజు శశికాంత్ భార్య రష్మి ఆఫీస్ నుంచి నేరుగా వచ్చింది. టేబుల్ మీది కాగితం చూసి మురిసిపోయింది.

"ఇదంతా మీరే వేశారా! ఫ్యామిలీ గ్రూప్‌లో పెడతాను, మీరెలా ఉన్నారని అందరూ ఒకటే అడుగుతున్నారు," అంటూ ఫోన్ తీసింది.

శశికాంత్ ఎడమచేతిని బొమ్మ మీద అడ్డంగా పెట్టాడు.

"ఒక్క ఫోటోనే అండీ, చెయ్యి తీయండి."

ఆయన మొహం ఎర్రబడింది.

"అంకుల్, చాలా బాగుంది. షేర్ చేస్తే ఏం కాదు," అంది కృతి, సాయం చేద్దామని. త్రివేణి ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"వ... వద్దు," అన్నాడు శశికాంత్.

రష్మి ఫోన్ దించింది. "ఏమన్నారు?"

"వద్దు." ఈసారి స్పష్టంగా వచ్చింది.

రష్మి కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. "ఇన్నాళ్లకి నోరు తెరిచి, నాకు వద్దని చెప్పడానికా!" అంది. ఆయనా నవ్వాడు గానీ చెయ్యి తీయలేదు.

పోనీ ఆ మాటనైనా రికార్డ్ చేద్దామని ఆమె మళ్లీ ఫోన్ ఎత్తబోయింది.

"రష్మి గారూ, వద్దన్నారు కదా," అంది త్రివేణి మెల్లగా. "ఈ మాట మనం వింటేనే ఇంకో మాట చెప్పాలనిపిస్తుంది."

రష్మి ఫోన్ బ్యాగ్‌లో వేసుకుంది.

ఆ వారం త్రివేణి క్లాస్‌లో ఒక రోగి కేస్ గురించి చెప్పే వంతు కృతిది. పేరు చెప్పకుండా బొమ్మ చూపించవచ్చా అని శశికాంత్‌నే అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. జరిగింది చెప్పవచ్చా అంటే సరేనన్నట్టు తలాడించాడు. క్లాస్‌లో ఎవరో "పిక్చర్ ఏది?" అన్నారు. "అది ఆయన ఇష్టం. చూపించొద్దన్నారు," అంది కృతి. నలుపు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

మరుసటి సోమవారం రష్మి కూడా ఒక కాగితం తీసుకుని భర్త పక్కన కూర్చుంది. ఏ రంగుతో మొదలుపెట్టాలో తోచక పెట్టెలో వెతుకుతుంటే, శశికాంత్ పసుపురంగు పాస్టెల్ ఆమె ముందుకి నెట్టాడు.

"ఇది," అన్నాడు.