నలభై ఒకటో గ్లాసు

దబ్బనం గోనెలోంచి అవతలికి దిగి పురికొసను లాక్కొచ్చింది. విజయరత్నం ముడి బిగించి, కొస పళ్లతో తెంపి, సంచిని మోకాలితో పక్కకు నెట్టాడు. మూటలు మోసే కళాసీల కొక్కేలు తగిలి చిరిగిన బియ్యం సంచుల్ని ఈ వన్ టౌన్ గోదాములో ముప్ఫై ఏళ్లుగా అతనే కుడుతున్నాడు. బొటనవేలి గోరు చీలి నల్లబడింది, చూపు సగమైంది. ఉదయం నుంచి ఎడమ భుజం లాగుతూనే ఉంది. ఒంటి మనిషి, ఎవరికి చెప్పుకుంటాడు?

మధ్యాహ్నం కళాసీ వరహాలు చేపల పులుసు గిన్నె అతని ముందుకు తోశాడు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు.

"రేపు మీ చర్చిలో బల్ల కదా బావా! ఈపాలైనా ఆ రొట్టి తింతావా, గ్లాసులు తోమీసి ఊరుకుంతావా?"

"నాకు నేదురా. నా రక్షణ ఏనాడో పోయింది."

"పోతే పోనీ. మా అప్పన్న దగ్గరికి వచ్చీ."

"ఓపాలి ఒచ్చేను కదా," అని విజయరత్నం నవ్వబోయాడు. వరహాలు తల దించుకుని అన్నం కలుపుకున్నాడు.

పద్దెనిమిదేళ్ల కిందట భార్య రేచల్ ఆసుపత్రిలో ఉంటే, ఎవరో చెప్పారని సింహాచలం కొండెక్కి అప్పన్నకు తలనీలాలిచ్చాడు. నాలుగో రోజున రేచల్ పోయింది. గుండు దాస్తే దాగుతుందా? అప్పటి పాస్టరు అతన్ని బల్లకు, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి, రాకుండా ఆపేశాడు. వెలుగు చూసి తప్పిపోయినవాడికి మళ్లీ రక్షణ లేదని, దేవుడు క్షమించడని ఆ వారమే ప్రసంగించాడు కూడా. విజయరత్నం రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. అయినా చర్చి మానలేదు. చివరి బెంచీలో కూర్చుని, ద్రాక్షరసం ట్రే వస్తే ముట్టకుండా పక్కవాళ్లకు అందించేవాడు. ప్రతి బల్లకూ ముందు సాయంత్రం వెళ్లి నలభై చిన్న గ్లాసులు కడిగిపెట్టేవాడు. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు.

ఆ సాయంత్రం, కొత్తగా వచ్చిన పాస్టరు రోషన్ చర్చి సంఘపు పాత పుస్తకం పట్టుకుని, అతను గ్లాసులు కడుగుతున్న కుళాయి దగ్గరికి వచ్చాడు.

"విజయరత్నం గారూ, మిమ్మల్ని ఆపింది ఆరు నెలలే. ఆ తర్వాత మీరొచ్చి అడగాలని రాసుంది. ఎందుకడగలేదు?"

"నానడగాలేటి అయ్యగారూ? ఆళ్లే పిలుస్తారనుకున్నాను."

అడుగుతాడని వాళ్లు, పిలుస్తారని ఇతను! ఒక్క మాటతో తేలిపోయేదానికి ఎంత బతుకు బుగ్గయిపోయింది!

"మరి నా రక్షణ? పోనేదా?"

"పోయినవాడు పద్దెనిమిదేళ్లు ఈ గ్లాసులు కడుగుతాడా? రేపు ముందు బెంచీలో కూర్చోండి."

విజయరత్నం మోచేత్తో కళ్లు తుడుచుకుని, అరలో అడుగునున్న గ్లాసొకటి తీసి కడిగి, ట్రే నడుమ పెట్టాడు. ఇంటికెళ్లి తెల్లచొక్కా ఉతికి ఆరేస్తూ గోడ మీంచి కేకేశాడు.

"వరహాలూ! రేపు నాకూ ఉందిరోయ్!"

ఆదివారం పొద్దున టీకి పిలవడానికి వచ్చిన వరహాలు, కొట్టి కొట్టి, తలుపు తోశాడు. మనిషి గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఒళ్లు చల్లబడిపోయింది.

"ఒక్క పూట ఆగనేకపోనావా బావా," అని ఏడ్చాడు వరహాలు. ఆ ఏడుపుతోనే చర్చికి నడిచి, గుమ్మంలో చెప్పులు విప్పి, కబురు చెప్పాడు.

రోషన్ బల్ల ఆపలేదు. ఇన్నేళ్లూ అతను ముట్టకుండా పక్కకు అందించడం చూస్తూ ఊరుకున్న సంఘ పెద్ద జయమణి, ట్రేతో ముందు బెంచీలో ఖాళీ చోటు దగ్గర ఆగింది. "మేమైనా పిలవాల్సింది అన్నయ్యా," అంది. తర్వాత ట్రే అందరి దగ్గరకూ వెళ్లి తిరిగొచ్చింది. నలభై ఖాళీ గ్లాసుల నడుమ ఒక్కటి మాత్రం అంచుదాకా ఎర్రగా, నిండుగా అలాగే ఉండిపోయింది.