జాలీ మీద అట్ట

కంప్యూటర్ చచ్చి పడివుంది. దాని నెత్తిన ఉన్న జాలీని ఎవరో అట్టతో కప్పి, నాలుగువైపులా టేపు వేశారు.

టూత్‌బ్రష్ నోట్లో ఉండగానే అతను కూలబడ్డాడు. ఫొటోల మరకలు తొలగిస్తూ ఉండమని రాత్రి వదిలేసిన యంత్రం అది. సాయంత్రానికల్లా ఆ ఫొటోలు స్టూడియోకి చేరాలి. పెట్టె మీద చెయ్యి పెడితే చురుక్కుమంది.

ఇన్నేళ్ళూ పరాయి మొహాల మీద మచ్చలు తుడిచినవాడు. తనకోసమని ఏరి కొనుక్కున్న మొదటి వస్తువు ఈ కంప్యూటర్ పెట్టె, క్యాబినెట్. దుకాణంలో రంగు దీపాలవాటినీ అద్దాల తలుపులవాటినీ పక్కకు నెట్టాడు. రేకు మందం తెలియడానికి వేలితో కొట్టాడు. అంచులు చెయ్యి కోస్తాయేమోనని తడిమాడు. వైర్లు దాచే జాగా ఉందా అని వెనక్కి తొంగి చూశాడు.

"పుచ్చకాయ కొంటున్నారా ఏంటండీ?" అన్నాడు దుకాణదారు.

నవ్వేసి, పైన జాలీ ఉన్నదే తెచ్చుకున్నాడు. వేడి పైకే కదా పోయేది.

"ఈ అట్ట నువ్వేనా వేసింది?" భార్యను అడిగాడు.

"మీ డబ్బా జోలికి నేనెందుకొస్తాను? దుమ్ము దులిపితేనే ఇల్లెగిరిపోయేలా అరుస్తారు."

వరండాలో పేపరు వెనకనుంచి నాన్న గొంతు లేచింది. "ఆ ముసలి పిల్లినడుగు. ఈ కొంపలో అది చెయ్యని ఘనకార్యం లేదు."

నాన్నకూ పిల్లికీ ఉప్పూ నిప్పూ. పాపం, దానికిప్పుడు చూపానదు, వెనక కాలు ఈడుస్తుంది. పాత క్యాబినెట్ పైన చదునైన రేకు ఉండేది. ఆ వెచ్చదనంలోనే అది నిద్రపోయేది. కొత్త జాలీ ఎక్కి, పంజా విదిలించి దిగిపోతోంది. కొనేటప్పుడు దాని సంగతే తట్టలేదు.

టేపు పీకబోతూ ఆగాడు. గోటితో గీకక్కర్లేకుండా కొస చక్కగా మడిచి ఉంది. గాజుసామాన్ల గోదాములో జీవితమంతా పెట్టెలు కట్టిన నాన్న తప్ప ఈ ఇంట్లో అలా మడిచేవాళ్ళు లేరు. అట్టనిండా పిల్లి వెంట్రుకలు.

అతను అట్ట తీసి, పెట్టె చల్లారాక మీట నొక్కాడు. యంత్రం బుద్ధిగా లేచింది. హమ్మయ్య అనుకున్నాడు. తర్వాత అటకమీంచి పాత క్యాబినెట్ రేకు దింపాడు. క్యాబినెట్ వెనక, వేడిగాలి తగిలే చోట, పీట మీద పరిచి పిల్లిని ఎత్తి కూర్చోబెట్టాడు. అది వాసన చూసి, ఒక్క చుట్టు తిరిగి, ముడుచుకుంది.

ఫొటోలిచ్చి తిరిగొచ్చేసరికి పిల్లి అలాగే ఉంది. మిగిలిన పని చేసుకుంటూ ఫ్యాన్ తిరుగుతోంది. పిల్లి పొట్ట మాత్రం కదలడం లేదు. నాన్న పక్కనే నేలమీద కూర్చుని, దాని వీపు మీద చెయ్యి వేసి ఉన్నాడు.

ముగ్గురూ కలిసి ప్రహరీ పక్కన పాతిపెట్టి వచ్చారు. చేతులు కడుక్కుని అతను రేకు తీయబోయాడు. నాన్న గొంతు సవరించుకున్నాడు.

"అట్ట వేసింది నేనేరా. జాలీ మీద కాళ్ళు నిలవక అది తిప్పలు పడుతుంటే చూడలేకపోయాను. నీ డబ్బాకి ఊపిరాడదని నాకేం తెలుసు? సర్లే... ఆ రేకు ఇవాళ్టికి అక్కడే ఉండనీ. ముట్టుకుని చూడు, ఇంకా వెచ్చగానే ఉంది."