తెగని కాల్

ఖర్చు దగ్గర ఆయన లెక్క ఎప్పుడూ ఒకటే: ఒక వస్తువు రెండు పనులు చెయ్యాలి. ఇంటర్నెట్ మీద వచ్చే కాల్స్‌ను మామూలు ఫోన్లకు అందించే వ్యాపారం ఆయనది. యంత్రాల గది తాళాన్ని కూడా ఆ కాల్స్‌కే తగిలించాడు. గది ఫోన్లో తలుపు నంబరు నొక్కితే తాళం తెరుచుకుంటుంది. లోపల విడిగా మీట పెట్టడం దండగన్నాడు.

ఆ సెలవు రోజు ఆఫీసులో పిట్ట కూడా లేదు. ఆయన గదిలోకెళ్లి తలుపు మూసి, గది ఫోన్లోనే భార్యతో మాట్లాడుతున్నాడు. ఆవిడ అలిగి అక్క ఇంటికి బస్సెక్కింది. ఊ కొడుతూనే, మొరాయిస్తున్న ప్రాక్సీ పెట్టెను ఆపి మళ్లీ వేశాడు. ఆగడం ఆగింది గానీ, మళ్లీ వెలగలేదు.

అప్పుడు తెలిసొచ్చింది. ఎవరు ఎక్కడున్నారో చూసి కాల్ కలిపేది ప్రాక్సీ. కలిశాక దానితో పని లేదు. మాటలు గది ఫోన్ నుంచి, మామూలు ఫోన్లకు దాటించే గేట్‌వేకి, అక్కణ్నుంచి ఆవిడ సెల్లుకి నేరుగా పోతాయి. అందుకే ఈ కాల్ బతికుంది. కొత్త కాల్ మాత్రం పుట్టదు, తలుపుకైనా సరే. ఆ ఇనప గోడల మధ్య తన సెల్లుకి సిగ్నల్ లేదు. బయటి నుంచి తెరిచే మారు తాళంచెవి ఆవిడ సంచిలో ఉంది.

"ఉంటాను మరి," అందావిడ.

"పెట్టెయ్యకు."

"రోజూ త్వరగా తెమల్చమనేది మీరేగా?"

ఆయన సంగతంతా చెప్పాడు.

"అంటే నేను పెట్టేస్తే మీ పని అంతేనా?"

"అంతే."

"పెళ్లయ్యాక మీరు నా ఫోన్ పట్టుకుని వేలాడటం ఇదే మొదలు," అని, బస్సు ఆపమంది.

ఆవిడ చెప్పుల చప్పుడు, ఆటోవాడితో బేరం, అన్నీ చెవి కందిపోయేదాకా విన్నాడు. గది ఉక్కపోస్తోంది. ఆఖరికి తాళంలో చెవి దూరిన చప్పుడైంది. తిరగకుండా అక్కడే ఆగింది. ఆవిడ గొంతు ఫోన్లోంచీ తలుపు సందులోంచీ ఒకేసారి వచ్చింది.

"ముందిది చెప్పండి. నేనెందుకు అలిగాను?"

బుర్రంతా గాలించాడు. తాను ఊ కొట్టడం తప్ప ఏమీ దొరకలేదు.

"మళ్లీ చెప్పవా, వింటాను," అన్నాడు.

బయట ఆవిడ గడప మీద చతికిలబడి, మొదట్నుంచీ మొదలుపెట్టింది. ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.